బండి లోపల ఎవరు, బండి కింద ఎవరు?

ఈ వారం ఒక వెండి కప్పు గురించి రాయాలి.

ఎడారి. ఆరు గుర్రాల బండి. లోపల ఇరుక్కుని కూర్చున్న ఏడుగురు. అందులో ఒకామె సైన్యాధికారి భార్య. తోటివాళ్ళకి ఇంకా తెలియదు గానీ నిండు చూలాలు. ఆమెకి దాహం వేస్తుంది. పెద్దమనిషి తరహా జూదగాడొకడు వెండి కప్పు తీసి, నీళ్ళు పోసి, వంగి మరీ అందిస్తాడు. ఆమె తాగుతుంది. అదే బండిలో ఇంకో ఆడమనిషి ఉంది. ఆమెకీ అదే ఎండ, అదే దుమ్ము. పెద్దమనిషి కప్పు జేబులో పెట్టేసుకుంటాడు. "మరి ఆమెకో?" అని జైలు నుంచి తప్పించుకొచ్చిన కుర్రాడొకడు అడుగుతాడు. పెద్దమనిషి కప్పు మాత్రం మళ్ళీ బయటికి తీయడు. ఆ కుర్రాడే నీళ్ళ సీసా ఆమెకి అందించి, వెండి కప్పులు లేవు, ఏమనుకోకు అంటాడు. ఆమె సీసా ఎత్తి తాగుతుంది.

అంతే. చిన్న సీను. 1939లో అమెరికాలో వచ్చిన కౌబాయ్ సినిమా 'స్టేజ్‌కోచ్' లోది. తీసింది జాన్ ఫోర్డ్. ఆయనకి మన ఊళ్ళ సంగతి ఏం తెలుసు? కానీ వాడలో పుట్టినవాళ్ళకి ఆ సీనుకి సబ్‌టైటిల్ అక్కర్లేదు.

మా నాయనమ్మ కూలికి వెళ్ళిన చోట దాహమైతే దోసిలి పట్టి కూర్చునేది. పైనుంచి ఎత్తి పోసేవాళ్ళు. చెంబు చేతికి తగలకూడదు. మోచేతుల మీంచి కారిపోయిన నీళ్ళు కారిపోగా మిగిలినవి తాగేది. ముసలితనంలో మా ఇంట్లో స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చినా, ఒక్కోసారి ముందు రెండు చేతులూ దగ్గరికొచ్చేవి. తర్వాత గుర్తొచ్చి నవ్వేది. ఆ నవ్వు నాకు ఇష్టం ఉండేది కాదు.

అందుకే పీహెచ్‌డీ రోజుల్లో హాస్టల్ గదిలో, ఒక ఫ్రెండ్ లాప్‌టాప్‌లో ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు ఆ కప్పు దగ్గర ఆపి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను. కాలేజీలో చేరాక డిగ్రీ పిల్లలకి కథ, సినిమా గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఇదే వేస్తున్నాను. నా పాఠం ఎప్పుడూ ఆ కప్పు చుట్టూనే తిరిగేది. ఈ ఏడాది ఒక పిల్ల అడిగిన ప్రశ్నకి ఆ పాఠం కుదేలైంది. ఆ సంగతికి వస్తాను. ముందు సినిమా.

ఖర్చు సుమారు 5 లక్షల 30 వేల డాలర్లు. అదే ఏడాది వచ్చిన 'గాన్ విత్ ద విండ్' కి దాదాపు 40 లక్షలు అయిందంటే లెక్క అర్థమవుతుంది. పెద్ద నిర్మాత గారీ కూపర్, మార్లిన్ డీట్రిచ్ లాంటి తారలు కావాలన్నాడు. ఫోర్డ్ వినలేదు. తొమ్మిదేళ్ళుగా చౌకబారు కౌబాయ్ సినిమాల్లో నలుగుతున్న జాన్ వేన్‌ని రింగో కిడ్‌గా పెట్టుకున్నాడు. టైటిల్స్‌లో మొదటి పేరు వేన్‌ది కాదు, డాలస్‌గా వేసిన క్లెయిర్ ట్రెవర్‌ది. ఆ బండి లార్డ్స్‌బర్గ్ చేరేసరికి వేన్ స్టార్ అయ్యాడు. ఆర్సన్ వెల్స్ 'సిటిజన్ కేన్' తీసే ముందు సినిమా ఎలా తీయాలో నేర్చుకోవడానికి దీన్ని 40 సార్లు చూశానని చెప్పుకున్నాడు.

కథ చిన్నది. అరిజోనాలోని టోంటో అనే ఊరి నుంచి న్యూమెక్సికోలోని లార్డ్స్‌బర్గ్‌కి బండి. దారిలో జెరోనిమో నాయకత్వంలో అపాచీలు తిరగబడ్డారని కబురు. అయినా ఎవరి అవసరం వాళ్ళని ఎక్కిస్తుంది. డాలస్ ఒళ్ళమ్ముకుని బతికే మనిషి. ఊరి మర్యాదస్తులైన ఆడవాళ్ళు సంఘం కట్టి, వెంటపడి మరీ ఊళ్ళోంచి వెళ్ళగొడతారు. తాగుబోతు డాక్టర్ బూన్‌నీ ఆ రోజే సాగనంపుతారు. సైన్యాధికారి భార్య లూసీ. వెండి కప్పు పెద్దమనిషి హాట్‌ఫీల్డ్. పాస్టర్ అని అందరూ పొరబడే విస్కీ వ్యాపారి పీకాక్. బ్యాంకు ఓనర్ గేట్‌వుడ్. దారిలో ఎక్కిన రింగో. పైన తోలేవాడు బక్, పక్కన తుపాకీతో మార్షల్ కర్లీ.

అందరిలోకి పెద్ద దొంగ గేట్‌వుడ్. తన బ్యాంకులోని 50 వేల డాలర్లు సంచిలో పెట్టుకుని పారిపోతున్నాడు. దారి పొడుగునా దేశం గురించి ఉపన్యాసాలు ఇచ్చేది కూడా వాడే. ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టకూడదట, బ్యాంకుల లెక్కలు చూడ్డానికి ఇన్‌స్పెక్టర్లు ఎందుకట, దేశానికి ఒక వ్యాపారి అధ్యక్షుడు కావాలట. 1939 నాటి మాటలు ఇవి. ఏ టీవీ చర్చలోనో నిన్న విన్నట్టు లేదూ?

ఆ దొంగని బండిలో ఎవరూ వెలివేయరు. డాలస్‌ని వేస్తారు.

డ్రై ఫోర్క్ అనే మజిలీలో ముందుకెళ్ళాలా వెనక్కి తిరగాలా అని ఓటు పెడతారు. మార్షల్ లూసీని అడుగుతాడు. తర్వాత డాలస్‌ని దాటేసి మగవాళ్ళ వైపు తిరుగుతాడు. చెడ్డవాడేం కాదు, సినిమాలో మంచివాళ్ళలో ఒకడు. ఆమెని అడగాలని తట్టలేదు, అంతే. రింగో అడ్డుపడి, ముందు ఆ రెండో ఆమెని కూడా అడగవేం, మర్యాద తెలీదా అంటే అప్పుడు అడుగుతాడు.

తర్వాత భోజనాల బల్ల. రింగో కుర్చీ లాగి డాలస్‌ని కూర్చోబెడతాడు. లూసీ ముఖం మారుతుంది. హాట్‌ఫీల్డ్ లేచి, కిటికీ దగ్గర చల్లగా ఉంటుంది అక్కడికి రండి అని ఆమెని బల్ల అవతలి కొసకి తీసుకెళతాడు. గేట్‌వుడ్ కూడా లేచి వెళతాడు. ఎవరూ ఒక్క తిట్టు తిట్టరు. చల్లగాలి కోసం వెళ్ళారు! ఈ భాష మనకి తెలుసు. "అబ్బే, మాకలాంటి పట్టింపులేం లేవండీ, ఈ రోజు మా ఇంట్లో ఉపవాసం" అనే భాష. "ఇల్లు ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అనే భాష. ఇంటిపేరు అడిగాకే ఆ ఇల్లు ఎవరికో ఇచ్చేసి ఉంటారు.

ఆ సీనులో నన్ను కదిలించేది రింగో పొరపాటు. వాళ్ళు తనని చూసే లేచిపోయారనుకుంటాడు. జైలు నుంచి వచ్చినవాడికి అప్పుడే పెద్దమనుషుల్లో చోటెక్కడ దొరుకుతుంది అన్నట్టు నొచ్చుకుని తనూ లేవబోతాడు. నిన్ను చూసి కాదు అని డాలస్ ఆపాల్సి వస్తుంది. చూడండి, అవమానం జరిగింది ఆమెకి. జరిగింది నాకే, నీకు కాదు అని పక్కవాడికి విడమరిచి చెప్పుకోవాల్సిన పనీ ఆమెదే.

ప్రయాణం అనగానే నాకు బాబాసాహెబ్ గుర్తొస్తారు. 1901లో తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరారు. మసూర్ స్టేషన్‌లో దిగాక మహర్ పిల్లలని తెలిసి బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకోవాలని, తను పక్కన నడుస్తానని. దగ్గర తిండి ఉంది, నీళ్ళు లేవు. నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేక ఆ రాత్రి తినకుండానే పడుకున్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' లో ఇది ఆయనే రాసుకున్నారు. విదేశాల్లో చదివి వచ్చాక 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళనన్నారు. తోలడం రాని మనవాడొకడు టాంగా తోలితే, పడిపోయి ఆయన కాలు విరిగింది. బండి, దారి, నీళ్ళు. మన చరిత్రలో సగం ఈ మూడింటి చుట్టూ నడిచింది. 1927లో మహాడ్ చెరువు దగ్గర ఆయన దోసిలితో తీసుకుని తాగింది కూడా నీళ్ళే.

మళ్ళీ సినిమాకి వద్దాం. వెండి కప్పు మీద ఒక పెద్ద కుటుంబం ముద్ర ఉంటుంది. వర్జీనియా నుంచి వచ్చిన లూసీ దాన్ని గుర్తుపడుతుంది. హాట్‌ఫీల్డ్ పందెంలో గెలిచానని దాటేస్తాడు గానీ, చనిపోయేటప్పుడు బయటపడుతుంది, అది అతని తండ్రి ఇంటిదే. దక్షిణాది దొరల బిడ్డ. బానిసల చెమట మీద నిలబడ్డ వర్జీనియా ఇళ్ళ మర్యాద ఆ కప్పులో ఉంది.

చివర్లో అపాచీలు బండిని చుట్టుముడతారు. తూటాలు అయిపోతాయి. హాట్‌ఫీల్డ్ దగ్గర ఒక్కటే మిగులుతుంది. అతను ఆ తూటాని శత్రువు మీద వాడడు. ప్రార్థన చేసుకుంటున్న లూసీ తలకి పిస్తోలు గురిపెడతాడు. ఆమె "వాళ్ళ చేతుల్లో" పడకూడదట! ఈలోగా అతనికే గుండు తగిలి పిస్తోలు జారిపోతుంది, సైన్యం బాకా వినిపిస్తుంది. ఆ తూటా పేలి ఉంటే దాన్ని మన పేపర్లు ఏమని రాసేవో మీకు తెలుసు. పరువు హత్య. వెండి కప్పు ఇచ్చిన చేయి, పిస్తోలు పెట్టిన చేయి ఒకటే. ఒక స్త్రీకి కప్పు ఇవ్వడం, ఒక స్త్రీకి ఇవ్వకపోవడం, ఇచ్చిన స్త్రీని చంపడానికైనా తనకి హక్కుందనుకోవడం ఒకే నీతి. అంబేడ్కర్ 1916లో అమెరికాలోనే, కొలంబియా యూనివర్సిటీలో, కులం మీద చదివిన వ్యాసంలో చెప్పింది ఇదే కదా. కులం గోడ నిలబడాలంటే ముందు ఆడవాళ్ళని కట్టడి చేయాలి. తన కులంలోనే ఉంచాలి, లేకపోతే లేకుండా చేయాలి.

ఇంతవరకు నా పాఠం. చెప్పడానికి బాగుంటుంది. పిల్లలూ కదులుతారు. దీంతో పాటు మపాసా కథ కూడా చెప్తాను. 1880లో ఆయన రాసిన 'బూల్ ద స్విఫ్' కూడా ఇలాంటి బండి కథే. తన సినిమాకి మూలం అదేనని ఫోర్డ్ అన్నాడు. సినిమాకి పేరు పడ్డ మాతృక ఎర్నెస్ట్ హేకాక్స్ కథ. మపాసా కథలో ఆ వేశ్య తన బుట్టలో అన్నం అందరికీ పెడుతుంది. వాళ్ళ ప్రయాణం ఆగిపోకుండా శత్రువు ఆఫీసరు దగ్గరికి వెళ్ళమని అందరూ, నన్లతో సహా, ఆమెని నయాన ఒప్పిస్తారు. పని అయ్యాక మర్నాడు బండిలో ఎవరి తిండి వాళ్ళు తింటారు, ఆమెకి ఎవరూ పెట్టరు. మపాసా ఎవర్నీ క్షమించడు. ఫోర్డ్ మెత్తగా ముగిస్తాడు. అపాచీ వెల్స్ మజిలీలో లూసీకి పురుడొస్తే రాత్రంతా చేసింది డాలస్. లార్డ్స్‌బర్గ్‌లో దిగాక లూసీ, నీకెప్పుడైనా సాయం కావాలంటే అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోతుంది. రింగో పగ తీర్చుకున్నాక, మార్షల్ కళ్ళు మూసుకుంటే, రింగో డాలస్ ఇద్దరూ సరిహద్దు దాటి వెళ్ళిపోతారు.

ఈ ముగింపుతో నాకు చిన్న పేచీ ఉంది. డాలస్ గౌరవం ఒక మంచి మగవాడి కళ్ళలోంచి రావాల్సి వచ్చింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం, చలం కథతో తీసిన 'మాలపిల్ల' తోనూ నాకదే పేచీ. దాని ధైర్యాన్ని కాదనను. కానీ మనకి విలువ ఉందని ఎవరో ప్రేమించి నిరూపించాలా?

ఇలా చెప్పి, సినిమా అయ్యాక లైట్లు వేసి, "ఏమైనా అడగండి" అన్నాను. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ అమ్మాయి, ఏడాదంతా నోరు విప్పని పిల్ల, లేచి నిలబడింది.

"మేడమ్, ఆ పాట పాడినామె మళ్ళీ రాదా?"

ఎవరు అన్నాను. నిజంగా గుర్తు రాలేదు. ఎన్నిసార్లు చూసి ఉంటానో లెక్క లేదు, గుర్తు రాలేదు. క్లాసులో ఎవరో చెప్పారు, మజిలీ యజమాని పెళ్ళాం మేడమ్ అని. రాదమ్మా, వెళ్ళిపోయింది కదా అన్నాను. "ఎక్కడికి?" అంది. బెల్లు కొట్టారు. బెల్లు కొట్టినందుకు లోపల సంతోషించాను. అది ఇక్కడ ఒప్పుకోవాలి.

ఆ రాత్రి ఇంటికెళ్ళి మళ్ళీ చూశాను, ఈసారి ఆ అమ్మాయి కళ్ళతో.

ఆమె పేరు యాకిమా. అపాచీ వెల్స్ మజిలీ నడిపే మెక్సికన్ క్రిస్ భార్య. అపాచీ మనిషి. తలుపులో కనిపించగానే పీకాక్ అడవి మనిషని హడలిపోతాడు. క్రిస్ నవ్వి, ఈమె ఉంటే అపాచీలు నా జోలికి రారు అంటాడు. అంటే భార్య కాదు, కాపలా. రాత్రి ఆమె పాట పాడుతుంటే ఆ చాటున పనివాళ్ళు మారు గుర్రాలు తోలుకుని జారుకుంటారు. తెల్లారేసరికి ఆమె లేదు, క్రిస్ గుర్రం లేదు, తుపాకీ లేదు. క్రిస్ లబలబలాడతాడు. పెళ్ళాం ఇంకోటి దొరుకుతుంది, అలాంటి గుర్రం దొరకదట. కొరడాతో కొట్టినా అలిసేది కాదు అంటాడు. ఎవరు, నీ పెళ్ళామా అంటే, కాదు గుర్రం అంటాడు. అది జోకు. థియేటర్లో నవ్వుకోవడానికి పెట్టిన జోకు. నేనూ ఇన్నేళ్ళు నవ్వకపోయినా, ఆగకుండా దాటేశాను.

యాకిమా అనేది నిజానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని వేరే తెగ పేరు. ఏ తెగ పేరైతేనేం అనుకుని పెట్టేశారు. వేసినావిడ ఎల్విరా రియోస్, మెక్సికన్ గాయని. ఇంకొంచెం వెనక్కి వెళితే, సినిమా మొదట్లో అపాచీల కబురు తెచ్చేవాడు షయెన్ తెగ మనిషి. సైన్యానికి వేగులవాడు. నోరు విప్పడు. వీణ్ని నమ్మవచ్చు, వీళ్ళకి అపాచీలంటే మనకంటే ఎక్కువ కోపం అని పక్కవాడు చెప్తాడు. ఒక పీడిత జాతిని ఇంకో పీడిత జాతి మీదికి ఎలా వాడతారో సినిమా అయిదు నిమిషాలు కాకముందే చూపించింది. నేను చూడలేదు.

జెరోనిమో మొహం క్షణం కనిపిస్తుంది. అతని మనుషులకి మాట లేదు. ఎందుకు తిరగబడ్డారో ఒక్క ముక్క లేదు. చరిత్రలో ఉంది. జెరోనిమో తల్లినీ, భార్యనీ, ముగ్గురు పిల్లల్నీ మెక్సికన్ సైనికులు చంపేశారు. 1886లో అతను అమెరికా సైన్యానికి లొంగిపోయాక, తన మనుషులతో పాటు, సైన్యానికి వేగులుగా పనిచేసిన అపాచీలని కూడా రైళ్ళెక్కించి ఫ్లోరిడాకి పంపారు. ఆ జనం 1913 దాకా, 27 ఏళ్ళు యుద్ధ ఖైదీలు. జెరోనిమో 1909లో ఖైదీగానే చనిపోయాడు. దొర వైపు నిలబడ్డ వేగులవాడికీ అదే రైలు. ఆ షయెన్ మనిషి సీను చూసినప్పుడు ఇకమీదట నాకు ఈ రైలే గుర్తొస్తుంది.

సినిమాలో అపాచీలుగా గుర్రాలెక్కింది నవాహోలు. ఆ ఎర్రరాతి స్తంభాల మాన్యుమెంట్ వ్యాలీ నవాహోల నేల. 1864లో సైన్యం వాళ్ళ పంటలు తగలబెట్టి, వందల మైళ్ళు నడిపించి, బాస్క్ రెడొండో అనే చోట పడేసింది. నాలుగేళ్ళ తర్వాత 1868 ఒప్పందంతో గానీ తిరిగి రాలేదు. ఎడారి దాటిన ప్రయాణికుల కథ అంటే అదీ. దాన్ని హాలీవుడ్‌లో ఎవరూ అంత పేరొచ్చేలా తీయలేదు. కరువు రోజుల్లో నవాహోలకి ఈ సినిమా కూలి దొరికింది. ఆ కూలిని తక్కువ చేసి మాట్లాడను, ఆకలి నాకు తెలుసు. కానీ ఇంకోటి చెప్పాలి. ఆ రెండో ఆమె ఓటు కూడా అడగవేం అని రింగో గద్దించే సినిమా ఇది. ఆ సినిమా తీసిననాడు ఆ నవాహోలకి ఓటు లేదు. 1924లోనే పౌరసత్వం ఇచ్చారు గానీ, ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవాళ్ళనే సాకుతో అరిజోనా 1948 దాకా, రిజర్వేషన్ భూముల్లో ఉంటున్నారనే సాకుతో యూటా 1957 దాకా ఓటు ఆపాయి. మాన్యుమెంట్ వ్యాలీ ఉన్నది ఆ రెండు రాష్ట్రాల సరిహద్దు మీదే.

ఇక అందరూ మెచ్చుకునే ఆ స్టంటు. ఒక అపాచీ పరుగెత్తే గుర్రాల మీదికి దూకుతాడు. రింగో కాలుస్తాడు. అతను గుర్రాల మధ్యకి జారి, నేల మీద పడి, అతని మీదుగా గుర్రాలూ బండీ వెళ్ళిపోతాయి. చేసింది యాకిమా కానట్ అనే తెల్ల స్టంట్‌మన్. ప్రాణం పణంగా పెట్టి చేశాడు, గొప్ప పనే. నేను ఎప్పుడూ ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఎవరి కోసం బిగబట్టాను? బండి లోపల డాలస్ కోసం. బండి కింద పడినవాడి కోసం కాదు.

నన్ను పొడిచింది ఇదే. డాలస్‌ని బల్ల దగ్గర వెలివేస్తే నా ఒళ్ళు మండింది, ఎందుకంటే అక్కడ నేనున్నాను. బండి తిరుగుతున్న నేల ఎవరిదని అడగలేదు, ఎందుకంటే అక్కడ నేను లేను. ఎస్సీ, ఎస్టీ అని ఒక్క ఊపిరిలో అంటాం. ఎస్టీ దగ్గరికొచ్చేసరికి ఆ ఊపిరి అయిపోతుందేమో. మన సభల్లో వేదిక మీద ఎన్ని కుర్చీలు వాళ్ళవి? మన సిలబస్‌లో ఎన్ని పాఠాలు? ఆకులు కట్టి హీరో చుట్టూ గంతులేయించే తెలుగు సినిమా "గూడెం పాటలు" చూసి మనలో ఎంతమందికి ఒళ్ళు మండింది? మన గూడేన్ని తప్పుగా చూపిస్తే మండుతుంది, మండాలి కూడా. మరి వాళ్ళ గూడెం?

సినిమాని తిట్టిపారేయమని చెప్పడం లేదు. ఆ వెండి కప్పు సీను నా పిల్లలకి వంద ఉపన్యాసాలకంటే ఎక్కువ చెప్తుంది. వచ్చే ఏడాదీ వేస్తాను. బండిలో చోటు కోసం కొట్లాడటం తప్పు కాదు, బాబాసాహెబ్ జీవితమంతా చేసిందదే. కానీ చోటు దొరికాక కిటికీలోంచి బయటికి చూడాలి. చక్రం ఎవరి మీద నడుస్తోందో చూడాలి. చల్లగాలి కోసం కిటికీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఆ బల్ల దగ్గర ఇదివరకే ముగ్గురున్నారు. మనం నాలుగో మనిషి కాకూడదు.

మర్నాడు ఆ అమ్మాయిని స్టాఫ్ రూమ్‌కి పిలిచి, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదమ్మా అని చెప్పాను. నవ్వింది. "పర్లేదు మేడమ్. మా వాళ్ళ దగ్గరికే పోయుంటది" అంది.

మా వాళ్ళ దగ్గరికి అంది! అరిజోనాలో అపాచీ ఆడమనిషి, భద్రాచలం ఏజెన్సీలో మా వాళ్ళు. ఆ మాట సర్దుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఈసారి పాఠం ఆ అమ్మాయే మొదలుపెట్టాలని అడిగాను. ఆలోచిస్తానంది.

జై భీమ్.